మబ్బుల పైకి వెళ్లిన పాడేరు బస్సు

పాడేరు నుంచి విశాఖకు తిరిగే ఎగిరే బస్సులు తమంతట తామే నడిచే రోజులవి. ప్రతి బస్సులో ఒక పైలట్ ఉండాలని మాత్రం చట్టం. అలా వంతల సుకాంతికి తొలి ఉద్యోగం దొరికింది.

మొదటి రోజు ఉదయం, ముందు సీట్లో కూర్చున్న అవ్వ అడిగింది: "బస్సే నడుస్తంది కదా, నువ్వేటి సేస్తావమ్మా?"

"సూస్తా కూకోడమే అవ్వా," అంది సుకాంతి చిన్నబోతూ.

ఘాట్ మీదికి రాగానే దట్టమైన మబ్బు కమ్మేసింది. సిగ్నల్ పోయింది.

"నాకు దారి తెలియడం లేదు. మీరు నడపండి," అంది బస్సు.

శిక్షణలో తప్ప ఎన్నడూ పట్టని, బస్సును నడిపే పిడిని సుకాంతి రెండు చేతులా పట్టుకుంది. వెనక నలభై మంది ప్రయాణికులున్నారు. చుట్టూ కొండలు ఎటున్నాయో కనబడదు. పైన మాత్రం కొండలుండవు. ఆమె పిడిని గట్టిగా వెనక్కి లాగి బస్సును పైకి లేపింది.

ఒక్కసారిగా మబ్బు కిందికి జారిపోయింది. అంతులేని తెల్లదనం, అందులోంచి తలలెత్తిన కొండ శిఖరాలు, ఎదురుగా ఎర్రటి సూర్యుడు. రోజూ ఆ దారిలో కునుకు తీసేవాళ్లంతా కిటికీలకు అతుక్కుపోయారు.

"ఇన్నేళ్లుగా తిరుగుతన్నాను, ఇది ఎప్పుడూ సూడ్లేదు తల్లీ," అంది అవ్వ.

"సిగ్నల్ వచ్చింది. ఇక నేను నడపనా?" అని బస్సు అడిగింది.

సుకాంతి కళ్లు తుడుచుకుంది. "వద్దు. సముద్రం కనబడేదాకా నేనే నడుపుతాను," అంది.