చవితి పాలు

పాము పాలు తాగలేదు.

రామ్మోహనరావు గిన్నెను ఇంకాస్త ముందుకు జరిపాడు. పాములవాడు ఓదెలు పడగ కింద పట్టుకుని పాము మూతిని పాలల్లో ముంచాడు. పాము తల వెనక్కి లాక్కుంది. మూతికంటిన పాలు బొట్లు బొట్లుగా బుట్టలోకి కారిపోయాయి.

"తాగుతది సార్. జర ఓపిక పట్టుండ్రి," అన్నాడు ఓదెలు.

ఓపిక పట్టే తీరిక రామ్మోహనరావుకు లేదు. పంజాగుట్ట ఆస్పత్రిలో ఆయన భార్య ఉదయలక్ష్మి చావుబతుకుల్లో ఉంది. తలలో నరం చిట్లింది. ఆపరేషన్ చేస్తే బతకొచ్చు, బల్ల మీదే పోనూవచ్చు. చేయకపోతే మందులతో కుదుటపడొచ్చు, మళ్లీ చిట్లనూవచ్చు. "నన్నడిగితే ఆపరేషనే మేలండీ. కానీ మాటివ్వలేను. మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి చెప్పండి," అంది డాక్టర్ మంజూష.

సలహా అడగడానికి ఆయనకు ఎవరూ లేరు. పిల్లల కోసమే ఉదయలక్ష్మి నాగుల చవితికి పాలు పోయడం మొదలుపెట్టింది. పిల్లలు పుట్టలేదు. ఆవిడ పాలు మానలేదు. మధురానగర్‌లో పుట్టలెక్కడివి? పామే అపార్ట్‌మెంటుకు వచ్చేది. ఏటా ఇదే ఓదెలు, ఇదే బుట్ట, ఇదే పాము. ఆవిడ గిన్నె పెట్టడం ఆలస్యం, ఆవురావురుమని తాగేది.

"నన్ను గుర్తుపడుతుందండీ," అని మురిసిపోయేది.

నిన్న స్పృహలో ఉన్న కాసేపూ ఆవిడ ఆపరేషన్ ఊసెత్తలేదు. "రేపు చవితి. చిమ్మిలీ చలిమిడీ మీవల్ల కావు. పాలు మాత్రం పోయండి. అది తాగిందంటే నేను ఇంటికొచ్చినట్టే," అంది.

రామ్మోహనరావు ఏనాడూ దేవుణ్ణి నమ్మలేదు. ఈ ఉదయం నమ్మాడు. పాము పాలు తాగితే ఆపరేషన్‌కు సరేనంటాను, తాగకపోతే నా భార్య తల కోయనివ్వను. తడిబట్టతో నిలబడి మొక్కుకున్నాడు.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ కూడా ఆయనే. నిరుడు ఈ పామే పై అంతస్తు పాప హైందవి మీదికి బుస్సుమని లేచింది. "కోరలు పీకినం సార్, కరిచినా ఏం గాదు," అని ఓదెలు ఎంత మొత్తుకున్నా ఆయన వినలేదు.

"పిల్లలు జడుసుకోరా? వచ్చే ఏడు కూడా ఇలాగే తెస్తే గేటు దాటనివ్వను. ఏం చేస్తావో నాకనవసరం," అన్నాడు.

ఇవాళ గేటు దగ్గరే ఓదెలు దండం పెట్టాడు. "మీరు చెప్పినట్టే చేసిన సార్. గీపారి ఎవ్వలకు ఫికర్ లేదు."

ఫికర్ లేకుండానే చుట్టూ మూగారు జనం. పిల్లలు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. ఓదెలు బూర ఊదాడు. పసుపూ కుంకుమా దట్టంగా పులిమిన తల అటూ ఇటూ ఊగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. గిన్నె దగ్గరకొచ్చేసరికి మళ్లీ అదే తంతు.

కింది వాటాలో ఉండే రుద్రమ్మ నవ్వింది. "సెక్రటరీ సారంటె పాముకు సుత భయమేనా ఏంది, నోరు తెరుస్తలేదు."

అందరూ నవ్వారు. రామ్మోహనరావు నవ్వలేదు. పంచె మాసేలా నేల మీద మోకరిల్లాడు.

"తాగు తల్లీ," అన్నాడు. ఆ గొంతు విని నవ్వేవాళ్లు ఆగిపోయారు. "ఏటా తాగావుగా. ఆవిడే పంపింది. ఒక్క చుక్క తాగు. నీకు పుణ్యముంటుంది."

పాము కదల్లేదు. గొంతు కింద చర్మం ఎగిరెగిరి పడుతోంది. కళ్లు మాత్రం పాల మీదే ఉన్నాయి.

"ఎందుకు తాగట్లేదు ఓదెలూ?"

ఓదెలు చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. తల దించుకున్నాడు.

"దేవుని మర్జీ సార్."

రామ్మోహనరావు లేచాడు. గిన్నెడు పాలూ తులసికోట మొదట్లో కుమ్మరించాడు. ఫోన్ తీశాడు.

"ఆపరేషన్ వద్దండీ."

"ఆలోచించే చెబుతున్నారా?" అంది డాక్టర్ మంజూష.

"వద్దన్నాను కదండీ."

మధ్యాహ్నానికే ఉదయలక్ష్మి తలలో నరం మళ్లీ చిట్లింది. ఈసారి ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

సాయంత్రం, ఇంకా వెలుగుండగానే అంబులెన్స్ ఇంటికి బయల్దేరింది. వెనక ఉదయలక్ష్మి. ముందు డ్రైవర్ పక్కన రామ్మోహనరావు. అమీర్‌పేట మెట్రో కింద బండి ఇరుక్కుపోయింది.

"ఈడ ఎప్పుడూ గింతే సార్," అన్నాడు డ్రైవర్. సైరన్ వేయలేదు. ఇక తొందరేముంది?

రామ్మోహనరావు కిటికీలోంచి చూశాడు. మెట్రో స్తంభం మొదట్లో, జనానికి వీపు పెట్టి ఓదెలు కూర్చున్నాడు. పక్కన బుట్ట. బుట్ట మూత తీసి ఉంది. ఒడిలో పాము.

ఆయన చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఆమె ఇక ఇంటికి రాదని పొద్దున్నే చెప్పిన దేవత అది. ఎవరికీ తెలియనిది దానికి తెలిసింది.

బండి రెండడుగులు ముందుకు కదిలింది. ఇప్పుడు ఓదెలు చేతులు స్పష్టంగా కనిపించాయి.

సీసా మూతలో నీళ్లు పోసి పక్కన పెట్టుకుని, ఓదెలు పాము నోటిని మూసి కుట్టిన నల్లదారాన్ని బ్లేడుతో ఒక్కో పోగే తెంపుతున్నాడు.