మోడెమ్‌కు పెట్టిన బొట్టు

"నాలుగున్నర అయింది అంకుల్. అయిదుకు బంద్ అయితది!"

స్రవ్య గొంతులో ఏడుపు. నర్సింగ్ సీటు దరఖాస్తుకు ఇదే ఆఖరి రోజు. ఫోన్‌లో సైటు తెరుచుకోవడం లేదు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. పదేండ్ల సంది ఇదే పని నాది," అన్నాడు వైకుంఠం.

చాంద్రాయణగుట్టలో ఆయన నెట్ సెంటర్‌కు ఉన్నది ఒకటే కంప్యూటర్. ధీమా పది కంప్యూటర్లకు సరిపోయేంత.

ఆ ఒక్క కంప్యూటర్‌కు మోడెమ్ కనిపించడం లేదు. ఆపి మళ్లీ వేశాడు. డ్రైవర్ తీసేసి కొత్తగా ఎక్కించాడు. వైరు మార్చాడు. ఊహూఁ.

"మూలమీది కొత్త సెంటర్‌కు పోతా అంకుల్."

"వానితానికా? వాడు దొంగ. నీ ఆధార్ నంబర్ అమ్ముకుంటడు. వాని మొఖం గూడ చూడలే నేను. బస్తీల అందరికి చెప్పిన, ఒక్కలు పోతలేరు."

స్రవ్య భయపడి మళ్లీ కూర్చుంది.

గుమ్మం పక్కన ఎల్లేష్ చాయ్ బండి దగ్గరున్న ఒకాయన గ్లాసు కింద పెట్టి లోపలికి వచ్చాడు.

"అన్నా, ఒక్కసారి నేను చూడనా?"

"నువ్వెవలు? నాకే నేర్పుతవా?"

ఆయన స్రవ్య ముఖం చూశాడు. కంప్యూటర్ ఆపించి, వెనక్కి తిప్పి, మోడెమ్ వైరు గుచ్చే చోట టార్చి వేశాడు.

"శుక్రవారం పూజల ఈడ బొట్టు పెట్టినవా?"

"పెట్టిన. నెట్టు వచ్చేదే ఆడికెల్లి గదా! దండిగ పెట్టిన."

"పసుపు, కుంకుమ లోపట గడ్డ కట్టినయి."

ఆయన పాత పళ్ల బ్రష్ అడిగి తీసుకుని, మెల్లగా గీకి, ఊది, వైరు పెట్టాడు.

కంప్యూటర్ మళ్లీ వేయగానే మోడెమ్ కనిపించింది. అయిదుకు ఏడు నిమిషాల ముందు దరఖాస్తు వెళ్లిపోయింది. స్రవ్య ఏడుస్తూనే నవ్వేసింది.

"పూజ మానకు అన్నా. బొట్టు పైన డబ్బాకు పెట్టు, చాలు," అని ఆయన బయటికి నడిచాడు.

వైకుంఠానికి సిగ్గేసింది. సిగ్గును మించి సంతోషమేసింది. గుమ్మంలోకి ఉరికేసరికి ఆయన ఎక్కిన ఆటో మలుపు తిరిగిపోయింది.

"ఎల్లేష్, ఎవలే ఆయన? మస్తు పనోడు! నా సెంటర్ల పెట్టుకుంట, పిలువు!"

ఎల్లేష్ చాయ్ వడపోస్తూ తలెత్తలేదు.

"మూలమీది సెంటర్ సేఠ్, డానియేలన్న. గిరాకీ లేక ఇయ్యాల్నే ఖాళీ చేసి, సామాను ఆటోల ఎక్కించి పోయిండు."