దుబాసీ సకీనా

విచారణ మొదలవకముందే హేమలతకు విసుగొచ్చేసింది. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది.

ఎదురుగా బర్మా పిల్లవాడు. యూనుస్. నంద్యాల స్టేషన్లో ఒంటరిగా దొరికాడు. తెలుగు రాదు, ఉర్దూ రాదు. తెచ్చి ఆళ్లగడ్డ బాలల వసతి గృహంలో కూర్చోబెట్టారు. వాడు ఇక్కడే ఉండి బడికి పోవాలన్నా, మళ్లీ వీధిన పడాలన్నా ఇప్పుడు ఈ అధికారిణి మాటే.

"మన పిల్లోళ్లకే దిక్కులేదు. మళ్లా వీళ్లొకరు!" అంది వార్డెన్ గురుస్వామితో.

"యాడో ఓ మూల పడుంటాడులే మేడం."

"ఊరికే పెట్టుకుంటే ఎట్లప్పా? తల్లో తండ్రో ఉంటే వాళ్ల మొహాన పారేయాల్సిందే. అడుగు," అంది దుబాసీ వైపు తిరిగి.

దుబాసీ సకీనాకు ఎవరూ కుర్చీ చూపలేదు. నంద్యాలలో పాత ఇనుము ఏరుకుని బతికే మనిషి. ఆ భాష తెలిసినవాళ్లు ఇంకెవరూ దొరక్క పట్టుకొచ్చారు.

ఆమె వాడి భాషలో గద్దించింది. వాడు బెదిరిపోయి ఆమె కొంగు పట్టుకోబోయాడు. చేతి మీద చురుక్కున ఒకటేసింది.

"మీదమీద పడతాండాడు మేడం, సిగ్గులేనోడు!"

హేమలతకు ముచ్చటేసింది. సొంత జాతివాడి మీదే జాలి లేదు. ఇలాంటిదాన్ని నమ్మొచ్చు.

"ఏమంటాండాడు?"

"ఆకలంట. ఎప్పుడూ అదే ఏడుపు వీళ్లకు."

"వాళ్లమ్మ యాడుందో అడుగు."

సకీనా అడిగింది. వాడు ఆమె మొహంలోకి చూసి ఒక్కటే మాటన్నాడు.

"సచ్చిపోయిందంట మేడం."

"నాయన?"

"ఆయప్ప అంతకుముందే పోయినాడంట. ఎవురూ లేరు ఈనికి."

హేమలత మూతి తిప్పుకుంటూ సంతకం గీకింది. "ఇంకేం, మన కూడు తిని బలుస్తాడు. రూలు మరి, ఏం చేస్తాం!"

గురుస్వామి రెక్క పట్టి లోపలికి లాక్కెళుతుంటే పిల్లవాడు గొంతు చించుకుని అరిచాడు. సకీనా తల తిప్పలేదు.

"మనిషంటే నీ మాదిరుండాల," అంది హేమలత జీపెక్కుతూ. "దీంట్లో చోటు లేదు గానీ, బస్సుకు పో."

వెనక సీట్లన్నీ ఖాళీ.

బస్సు శిరివెళ్ల దాటాక పక్క సీటు ముసలామె ఉండబట్టలేక, "ఏందమ్మా, బస్సెక్కినప్పట్నుంచి అట్ల ఏడుస్తానే ఉండావ్?" అని అడిగితే, సకీనా కొంగుతో మొహం తుడుచుకుని, "నా కొడుకును హాస్టల్లో ఇడిసిపెట్టి వస్తాండా అవ్వా," అంది.