కంట్రీ పాటలకి మిగిలిన ఇల్లు

మధుమిత తలుపు తీసేసరికి ఎదురుగా క్లిఫర్డ్. ఆదివారాలు టీవీలో గిటార్ పట్టుకుని పాతకాలపు కంట్రీ పాటలు, అంటే అక్కడి పల్లె పాటలు, లైవ్‌గా పాడే ముసలాయన.

"ఎడ్మంటన్ మొత్తంలో నా ప్రోగ్రాం చూసేది ఈ ఒక్క ఇల్లేనట. మీరూ మానేస్తే ఛానల్ వాళ్ళు ఆపేస్తారట. థాంక్స్ చెబుదామని వచ్చాను," అన్నాడు.

మధుమిత చదువుకి కెనడా వచ్చి ఆ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న స్టూడెంట్. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"నేను చూడను అంకుల్. షిఫ్ట్‌కి వెళ్తూ ఓనర్ ఆంటీ కుక్క కోసం టీవీ పెట్టి పోతా. మీ పాటలొస్తే మొరగదు."

క్లిఫర్డ్ లోపల ఉన్న కుక్క వైపు తొంగిచూశాడు.

"వార్తలకి?"

"మొరుగుతుంది."

ఆయన మొహం కాస్త తేటపడింది.

"కానీ నేను వచ్చే నెల గ్వెల్ఫ్ ఊరికి వెళ్ళిపోతున్నా."

"కుక్క?"

"ఇక్కడే ఉంటుంది."

ఇప్పుడా బేస్‌మెంట్‌లో క్లిఫర్డ్ అద్దెకుంటున్నాడు. ఆదివారం కుక్కకి టీవీ పెట్టి, పాడటానికి స్టూడియోకి పరుగెత్తుతాడు.