ఫ్రిజ్‌కి అంటుకుంటే బేరం లేదు

అప్పలకొండ ఇప్పుడు చేప మొప్పలెత్తి చూడటం మానేసింది, ఫ్రిజ్ తలుపుకి ఆనించి చూస్తుంది. అయస్కాంతాల తయారీకి వాడే ఖనిజం శుద్ధిచేసే ఫ్యాక్టరీ నీళ్లు సముద్రంలో కలిసినప్పటి నుంచి, అక్కడ పెరిగిన చేప ఇనుము కనిపిస్తే చాలు, అతుక్కుపోతోంది.

ఆ పూట అమ్మడానికి నూకరత్నం తెచ్చిన చేపలన్నీ తలుపుకే వేలాడాయి. బేరం పోయిన నూకరత్నం గుమ్మంలో కూర్చుని ఫ్యాక్టరీని తిడుతుండగా ఫ్యాక్టరీ ఆఫీసరు వచ్చాడు.

"నీళ్లు శుభ్రంగానే ఉన్నాయమ్మా. రోజూ ఈ చేపలే తింటున్నాను, నాకేమైంది?"

"ఏటీ కానేదు బాబూ. సల్లటి నీల్లు తాగి ఎల్దురుగాని," అంటూ అప్పలకొండ గ్లాసందించింది.

ఆయన ఫ్రిజ్‌కి ఆనుకుని తాపీగా తాగాడు. వెళ్లబోతే వీపు వెనకే ఫ్రిజ్ కూడా కదిలింది.

"ఒలే నూకరత్నం! ఈ సరుకు కూడా ఎనక్కి అట్టుకుపోవే!"