గోడ అవతల నాలుగో సీటు

"మీకు ఎప్పుడూ కోపం రాదా?" అని అనుమానం టైపు చేసింది.

"వస్తుంది. మీ అమ్మగారి రిపోర్టు వచ్చిందా?" అని గోడ అవతలి నుంచి జవాబు.

అనుమానం విసుగ్గా కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

ఆమె అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. తలుపుకి తాళం వేసి, నాలుగుసార్లు లాగి చూసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి లాగి చూసే మనిషి కాబట్టి అందరూ అనుమానం అనే పిలిచేవారు. ఆ గుణం చూసే ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు ఆ గుణమే ఉద్యోగం ఊడగొట్టేలా ఉంది.

పని వినడానికి తేలికే.

గోడ అవతల ఆరు సీట్లు. కొన్నింట్లో మనుషులు కూర్చుంటారు. కొన్నింట్లో మనిషిలా మాట్లాడే యంత్రం ఉంటుంది. ఒక్కో సీటుతో పదిహేను రోజులు, రోజుకో అరగంట, తెర మీద రాతలోనే మాట్లాడాలి. చివరి రోజున కాగితం మీద "మనిషి" అనో "యంత్రం" అనో రాసి సంతకం పెట్టాలి.

మనిషిని పట్టుకుని యంత్రం అని రాస్తే అవతలి మనిషిని ఆ సాయంత్రమే ఇంటికి పంపేస్తారు. మూడుసార్లు తప్పు రాస్తే ఇవతలి మనిషినీ పంపేస్తారు.

అనుమానం ఇప్పటికి రెండు తప్పులు రాసింది.

నాలుగో సీటుకి ఇవాళే చివరి రోజు.

మొదటి వారంలోనే ఆమె ఉండబట్టలేక, "మా అమ్మకి మెడ దగ్గర గడ్డ వచ్చింది, ముక్క తీసి పరీక్షకి పంపారు" అని చెప్పేసింది. అప్పటినుంచి నాలుగో సీటు రోజూ ఆ సంగతే అడిగేది. అమ్మగారు నిద్రపోతున్నారా, నొప్పి తగ్గిందా, మీరు వేళకి తింటున్నారా అని. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని భయమంతా అనుమానం అక్కడే వెళ్లబోసుకునేది. చెప్పుకున్నాక తేలికపడేది. తేలికపడ్డందుకు మళ్లీ కంగారుపడేది.

ఇన్నాళ్లూ మనసున్న మనిషితో చెప్పుకున్నానా, ఒట్టి గోడతో చెప్పుకున్నానా?

మేనేజరు తలుపు దగ్గర ఆగాడు.

"తేల్చావా అమ్మాయ్?"

"అవతల మనసుందో లేదో ఎలా తెలుస్తుంది సార్?"

"నా మనసు నీకు కనబడుతోందా?"

"లేదు సార్."

"అయినా రోజూ గుడ్‌మార్నింగ్ చెప్తున్నావుగా. అలాగే ఏదో ఒకటి నమ్మి రాసెయ్. నాలుగింటికల్లా కాగితం నా బల్ల మీద ఉండాలి."

ఆయన అటు వెళ్లగానే ఫోన్ మోగింది. అన్నయ్య.

"రిపోర్టు వచ్చిందే. భయం లేదట, ఒట్టి కొవ్వు గడ్డ."

"నిజంగానా? ఒట్టు?"

"కాగితం చేతిలో పెట్టుకుని చెప్తుంటే ఒట్టేంటే?"

అనుమానం కళ్లలో నీళ్లు తిరిగాయి. గబగబా కూర్చుని "రిపోర్టు వచ్చింది" అని టైపు చేసింది. అంతలోనే వేళ్లు ఆగిపోయాయి.

మంచి కబురు చెబితే యంత్రమైనా సంతోషం అని రాస్తుంది. అదే చావు కబురైతే?

రాసింది చెరిపేసింది.

"మా అమ్మ పోయింది" అని పంపింది. పంపాక తనమీద తనకే అసహ్యం వేసింది.

తెర మీద నాలుగు నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత వరసగా వచ్చింది.

"ముందు కాసిని మంచినీళ్లు తాగండి. ఆస్పత్రికి ఒక్కరే వెళ్లకండి. సంతకాలు పెట్టమంటారు, అప్పుడు తల పనిచేయదు, ఎవరినైనా పక్కన ఉంచుకోండి. ఆవిడ దుప్పటి అప్పుడే ఉతకొద్దు. ఎవరు ఉతకమన్నా వినొద్దు."

అనుమానం రెండుసార్లు చదివింది. అయ్యో అన్న మాట లేదు. మందుల చీటీలా చేయాల్సిన పనులు మాత్రం ఉన్నాయి.

"మీకు ఇలాంటి కష్టం ఎప్పుడూ రాలేదా?"

"ఇప్పుడు నా సంగతెందుకు? మీరు ముందు బయల్దేరండి."

ఇంకేం, తేలిపోయింది.

కాగితం మీద "యంత్రం" అని రాసింది. "ఎలా తెలిసింది?" అన్న గడిలో, "పదిహేను రోజుల్లో తన బాధ ఒక్కటీ చెప్పలేదు" అని రాసి సంతకం పెట్టింది.

ఐదున్నరకి మేనేజరు పిలిచాడు.

"మూడోదీ తప్పే అమ్మాయ్."

ఉద్యోగం పోయిందన్న సంగతి ఆమె బుర్రకి ఎక్కలేదు.

"అయితే... మనిషా సార్?"

"మనిషే. ఒకావిడ. గంట క్రితం పంపించేశాం."

"అడ్రసు ఇవ్వండి సార్. మా అమ్మ బాగానే ఉందని చెప్పాలి. ఒక్క మాట చెప్పి వచ్చేస్తాను."

"అవతలివాళ్ల వివరాలు ఇవతలివాళ్లకి ఇవ్వకూడదు. నీకు తెలియనిదేం కాదుగా."

"నేను అబద్ధం చెప్పాను సార్."

మేనేజరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"వెళ్తూ వెళ్తూ ఒక్కటే అడిగింది. ఆ అమ్మాయిని ఇంటికి పంపించారా అని."

అనుమానానికి తల ఎత్తాలంటే సిగ్గేసింది.

"అసలు ఈ వారం రావద్దు, సెలవు తీసుకోమని మేమే చెప్పాం. వింటేగా. అవతల ఒక పిల్ల వాళ్లమ్మ గురించి హడలిపోతోంది, రిపోర్టు వచ్చేదాకా సీటు వదలనంది."

"ఆవిడకి సెలవెందుకు సార్?"

ఆయన ఆమె రాసిన కాగితం మడిచి సొరుగులో పెట్టాడు.

"మొన్న తెల్లారుజామున వాళ్లమ్మ పోయింది," అన్నాడు, "నీ అరగంట వేళకల్లా వచ్చి సీట్లో కూర్చుంది."