నెత్తురు మరక

"అది కొనకమ్మా. ఉన్న మరక కాస్తా ఉడికి అతుక్కుపోతుంది."

ఆవిరితో సోఫాలు శుభ్రం చేసే యంత్రం మీద చెయ్యి వేసిన నజీహా వెనక్కి తిరిగింది.

బూడిదరంగు తలగుడ్డ కట్టుకున్న నడివయసు మనిషి. దుకాణంలో పనిచేసే ఆవిడే అనుకుంది నజీహా.

"మరేది కొనమంటారు? ఎల్లుండే పండగ. మా అత్తగారి వైపు స్ఫాక్స్ పట్నంలో ఉన్నవాళ్లంతా మా ఇంట్లోనే దిగుతారు. సోఫా చూస్తే కసాయి కొట్టులా ఉంది."

"నెత్తురా?"

"ఆ. తివాచీ మీద కూడా పడింది."

ఆవిడ అరలోంచి ఒక్కో సీసా తీసి చూసింది.

"ఇది రంగు తినేస్తుంది. ఈ నురగ డబ్బా టీ మరకలకైతే సరే. ఇదిగో, ఇది తీసుకో. ముందు చన్నీళ్లలో గుడ్డ ముంచి అద్దు, రుద్దకు. ఇంతకీ ఎవరికమ్మా దెబ్బ తగిలింది?"

"దెబ్బేం కాదు. మా పాప యుస్రాకి ఎండ పడదు. ముక్కులోంచి నెత్తురొస్తుంది."

"తరచూ వస్తోందా?"

"ఈమధ్య రోజూ."

"ఒంటి మీద నీలం మచ్చలేమైనా ఉన్నాయా?"

నజీహాకి ఒళ్లు మండింది.

"పండగ పూట అవేం మాటలు? నేనడిగింది సోఫా గురించి!"

"ఆస్పత్రికి తీసుకెళ్లు తల్లీ. పండగ వెళ్లేదాకా ఆగకు."

"నీకూ పిల్లలుంటే తెలిసేది! ఎండలకి ఏ పిల్లకి రాదు?"

ఆవిడ సీసా నజీహా చేతిలో పెట్టి పక్కకి తప్పుకుంది.

మరక పోయింది.

ఆ సాయంత్రం యుస్రాకి స్నానం చేయిస్తుంటే పిక్కల మీద నీలం మచ్చలు కనిపించాయి. ఎక్కడా పడలేదంది పిల్ల.

పండక్కి చుట్టాలు వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది.

నెత్తుటి జబ్బన్నారు ఆస్పత్రిలో. "మంచి వేళకి తెచ్చావు. ఇంకొన్నాళ్లు ఆగుంటే చెయ్యి దాటిపోయేది" అంది డాక్టరమ్మ.

మరుసటేడు ఆలివ్ కోతల నాటికి యుస్రా మళ్లీ వీధిలో పరుగులు పెడుతోంది.

నజీహా ఖర్జూరం మిఠాయి చేసి, పొట్లం కట్టుకుని ఫర్హాత్ దుకాణానికి వెళ్లింది.

"ఫర్హాత్ బాబాయ్, మీ దగ్గర పనిచేసే ఆవిడేదీ? బూడిదరంగు తలగుడ్డ. ఆ రోజు నోటికొచ్చినట్టు అనేశాను. తప్పయిందని చెప్పుకోవాలి."

"నా దగ్గర ఆడమనిషెవరమ్మా? ఓ... వసీలానా! ఊరొదిలి వెళ్లిపోయింది. ఎక్కడికో చెప్పలేదు."

"మీ దగ్గర పనిచేసే మనిషి కాకపోతే ఆ సీసాల సంగతంతా ఆవిడకెలా తెలుసు?"

ఫర్హాత్ కళ్లు దించుకున్నాడు.

"కూతురి నెత్తురు మరకల కోసం అవన్నీ కొని చూసింది. మరకల గురించే అడిగేది, నేనూ మరకల గురించే చెప్పేవాణ్ణి. జబ్బు సంగతి తెలిసేసరికి పిల్ల దక్కలేదు."

"అయితే ఆ రోజు ఏం కొనడానికొచ్చింది?"

"ఏమీ లేదమ్మా, నీలాంటి తల్లి ఎవరైనా వస్తుందేమోనని రోజూ వచ్చి ఆ అర దగ్గర నిలబడేది."